పోస్తే తాగే నీళ్లు, చేదుకునే నీళ్లు

ప్రతి ఎండాకాలం మన పత్రికల్లో ఒక ఫొటో వస్తుంది. అడుగంటిపోయిన బావి, దాని గట్టు చుట్టూ వంగి నిలబడిన ఆడవాళ్లు, ఒకేసారి లోపలికి దిగిన పదిహేనో ఇరవయ్యో చేంతాళ్లు. కింద 'గుక్కెడు నీళ్ల కోసం' అనో, 'గొంతెండుతున్న పల్లె' అనో ఒక మాట. ఆ ఆడవాళ్లు ఊరివాళ్లా, వాడవాళ్లా అన్నది మాత్రం ఆ మాటల్లో ఉండదు. గట్టుకు అల్లంత దూరంలో, ఖాళీ బిందెలు ముందు పెట్టుకుని ఎవరైనా కూర్చుని ఉన్నారా, ఉంటే ఎవరి దయ కోసం కూర్చున్నారు అన్నదీ ఉండదు. కెమెరా గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. మన సాహిత్యం కూడా చాలాకాలం అక్కడిదాకే వచ్చి ఆగిపోయిందని మా ఫిర్యాదు.

'కరువుకు కులం లేదు' అనే వాక్యం ఒకటి ఉంది. ఈ మాట అనేవాళ్లందరూ మనకు శత్రువులు కారు, మిత్రులూ ఉన్నారు. రైతు సంఘాల కరపత్రాల్లో కనిపిస్తుంది, సహాయ కార్యక్రమాల ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. వాన కురవకపోవటంలో కులం లేదు, నిజమే. మబ్బుకు కులం అంటగట్టే పని మేమూ చెయ్యం. కానీ వాన లేని ఏడు ఏ బావి ముందు ఎండుతుంది, ఏ బావి చివర ఎండుతుంది, ఆ చివరి బావి ఎవరి పొలంలో ఉంది, దాని దగ్గరికి ఎవరు ఏ వేళకు పోవచ్చు, ఇదంతా కులం కాక మరేమిటి? రాయలసీమ ఎండిన బతుక్కి కావ్య గౌరవం తెచ్చిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' (1956)లో మనకు కనిపించేది చితికిపోయిన కుటుంబం. అది అబద్ధమని మేమనటం లేదు. అదే కరువు మొత్తం అని పాఠాలు చెప్పటం దగ్గరే వస్తుంది పేచీ.

తెలుగులో తాగునీళ్ల చుట్టూ రెండు మాటలున్నాయి. ఒకటి చేదుకోవటం. తోడుకోవటం అన్నా అదే. రెండోది పోయించుకోవటం. చేదుకునే మనిషి చేతిలో చేంతాడు ఉంటుంది, పాదం గట్టు మీద ఉంటుంది. పోయించుకునే మనిషికి ఉండేది దోసిలి, లేదా కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగిన బిందె. మొదటిదాంట్లో ఎన్ని నీళ్లు కావాలో, ఎప్పుడు కావాలో మనిషే తేల్చుకుంటాడు. రెండోదాంట్లో పోసేవాళ్ల తీరికను బట్టి, మనసును బట్టి, పొద్దున ఇంట్లో జరిగిన కొట్లాటను బట్టి కూడా ఉంటుంది. 'అమ్మా, రెండు చేదలు పొయ్యండమ్మా' అన్న మాట మన నాయనమ్మల నోట ఎంత మామూలుగా దొర్లుతుందో విన్నవాళ్లకు తెలుసు. నీళ్ల మీద రాసిన ఏ కథనైనా, ఏ వార్తనైనా ఈ రెండు మాటల మధ్య పెట్టి చూడాలని మా ప్రతిపాదన. అది దప్పిక గురించి మాట్లాడుతోందా, చేంతాడు గురించి మాట్లాడుతోందా?

ప్రేమ్‌చంద్ 'ఠాకుర్ కా కువాఁ' కథ (1932) నుంచి మొదలుపెడదాం. మన విద్యార్థుల్లో చాలామంది దీన్ని హిందీ పాఠంగా చదివినవాళ్లే. జోఖూ జబ్బుగా ఉన్నాడు. తమ బావి నీళ్లు కంపు కొడుతున్నాయి, ఏదో జంతువు పడి చచ్చింది. ఊళ్లో ఠాకూర్ బావి ఉంది, షావుకారు బావి ఉంది, రెంటి మీదకీ వీళ్లను రానివ్వరు. రాత్రిపూట అతని భార్య గంగి ఠాకూర్ బావికి పోతుంది. చెట్టు నీడన దాక్కుంటుంది. వీళ్లకంటే ఏ విధంగా పెద్దవాళ్లని వాళ్లను పెద్దవాళ్లంటున్నారు అని తనలో తాను కడిగేస్తుంది. నీళ్లకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, తమను మగాళ్లు బానిసల్లా చూస్తున్నారని చెప్పుకుంటుంటే చాటునుంచి వింటుంది. వాళ్లు పోయాక గట్టెక్కి కుండ దించుతుంది. కుండ పైకొచ్చే క్షణంలో ఠాకూర్ తలుపు తెరుచుకుంటుంది. చేంతాడు చేతినుంచి జారిపోతుంది. పరుగెత్తి ఇంటికొచ్చేసరికి జోఖూ ఆ కుళ్లు నీళ్లే తాగుతూ ఉంటాడు.

ఇది గొప్ప కథ. ఒప్పుకోవటానికి మాకు అభ్యంతరం లేదు. అగ్రవర్ణ రచయిత అన్న ఒక్క కారణంతో పక్కన పెట్టే చదువు మాది కాదు. గంగి గట్టెక్కిన ఆ క్షణం తెలిసి రాసిన క్షణం. పోయించుకోవటం తప్ప ఎరగని మనిషి చేతికి మొదటిసారి చేంతాడు వచ్చింది. కానీ ఇదే కథలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని విమర్శకులు చాలావరకు దాటేస్తారు. చెడ్డ నీళ్లతో జబ్బు పెరుగుతుందని గంగికి తెలుసుగానీ, కాస్తే నీళ్ల చెడు పోతుందని తెలియదు అంటాడు కథకుడు. ఎందుకీ మాట? ఆమెకు తెలియని ఆరోగ్యశాస్త్రం కథకుడికి తెలుసు, పాఠకుడికి తెలుసు. ఆ ఒక్క వాక్యంతో గంగి మన సాటి మనిషి స్థానం నుంచి జాలిపడాల్సిన అమాయకురాలి స్థానానికి జారిపోతుంది. కుండ జారటానికి ముందే ఆమె జారింది. చచ్చిన జంతువు కుళ్లిన నీళ్లను కాచి తాగొచ్చునన్న ఊహ ఠాకూర్ ఇంటి గురించి ఎవరికైనా వస్తుందా?

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. ఆ కథలోని ఊళ్లో పబ్లిక్ బావి లేదు. ఠాకూర్‌ది సొంతం, షావుకారుది సొంతం. కాబట్టి గంగి ముందున్న దారులు రెండే, అడుక్కోవటం లేదా దొంగిలించటం. హక్కు అనే మూడో దారి కథలోకి వచ్చే సందే లేదు. ఈ కథ వచ్చేనాటికి మహద్ జరిగి 5 ఏళ్లయింది. ప్రేమ్‌చంద్ మహద్ మీద రాయాల్సిందని మేం అనటం లేదు. ఎవరేం రాయాలో చెప్పటం విమర్శ పని కాదు. కానీ బావి కథను సొంత బావి దగ్గర పెట్టినప్పుడు అది దయ ఉన్న ఠాకూర్, దయ లేని ఠాకూర్ కథగా మారే ప్రమాదం ఉంటుంది. మన పాఠాల్లో అది అలాగే మారింది. 'మానవత్వం మంట కలిసింది' అని నోట్సు రాయిస్తారు. మానవత్వం ఉంటే ఠాకూర్ ఏం చేసేవాడు? రెండు చేదలు పోయించేవాడు. అంతే గదా.

మహద్‌లో గొడవ అసలు మొదలైందే మునిసిపాలిటీ నీళ్ల దగ్గర. ప్రభుత్వ ఖర్చుతో నడిచే బావులు, చెరువులు, బడులు అందరికీ తెరవాలని 1923లో ఎస్.కె. బోలే తెచ్చిన తీర్మానాన్ని బొంబాయి శాసనమండలి ఆమోదించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ దాన్నిబట్టి చవదార్ చెరువును తెరుస్తూ తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది, అంటరానివాళ్లు మాత్రం అటు పోలేకపోయారు. 1927 మార్చిలో అక్కడ జరిగిన సభకు వేలమంది వచ్చారు. ఆ సభ నిర్వాహకులు ప్రతినిధుల దాహానికి సవర్ణుల దగ్గర 40 రూపాయల నీళ్లు కొనాల్సి వచ్చింది. తమదని తీర్మానం ఉన్న చెరువు పక్కనే ఉండగా నీళ్లు కొనుక్కున్నారు! మార్చి 20న డా. అంబేద్కర్ నాయకత్వంలో వెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత దాడి జరిగింది. 108 కుండల నీళ్లు తోడిపోసి, పెరుగూ పాలూ పేడా ఆవుపంచితమూ కలిపి చెరువును శుద్ధి చేశారు. ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. సవర్ణులు కోర్టుకెక్కారు. ఆ చెరువు మునిసిపాలిటీదనీ, అనాదిగా ఉన్న ఆచారమన్న వాదన రుజువు కాలేదనీ బొంబాయి హైకోర్టు తేల్చేసరికి 1937 వచ్చింది.

ఆ ఏడాది డిసెంబరు సభలో అంబేద్కర్ అన్న మాటల సారం మన కార్యకర్తలందరికీ తెలుసు. ఈ చెరువు నీళ్లు తాగకపోతే చచ్చిపోతామని కాదు, ఇన్నాళ్లు తాగకుండా బతికే ఉన్నాం, మేమూ మనుషులమని స్థాపించటానికే పోతున్నాం అన్నాడాయన. ఇది చేంతాడు భాష. దప్పికను ఆయన కావాలనే పక్కన పెట్టాడు. దప్పిక వాదనకు జవాబుగా జాలి దొరుకుతుంది, మనిషి వాదనకు జాలితో జవాబు చెప్పలేరు. ఆయన చిన్నప్పటి బడి అనుభవం 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఉంది. కుళాయిని తను ముట్టకూడదు, ప్యూను తిప్పాలి. ప్యూను రాని రోజు నీళ్లు లేవు. ఆ బడిలో నీళ్లకు కరువేం లేదు, తిప్పే చేతికే కరువు.

ఇక్కడినుంచి అసలు కరువులోకి వద్దాం. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజు బావుల పేరు ఎత్తి మరీ చెప్పింది. పూర్తిగానో కొంతైనా ప్రభుత్వ సొమ్ముతో నడిచేవి, లేదా సాధారణ ప్రజల వాడకానికి వదిలినవి అయిన బావులు, చెరువుల దగ్గర కులం పేరుతో ఎవర్నీ అడ్డుకోకూడదు. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం, అది 1976లో మారిన పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఆ దారినే నడిచాయి. పనిచేసిన చోట ఇవి పనిచేశాయి, పనిచెయ్యని చోట ఎందుకు పనిచెయ్యలేదో కేసులు పెట్టినవాళ్లకు తెలుసు. మా ప్రశ్న వేరు. వాన లేని ఏడు ఈ చట్టాలు పట్టుకునే బావి ఎక్కడుంటుంది?

పబ్లిక్ బావి ఎప్పుడో పంచాయతీ డబ్బుతో తవ్వింది. లోతు తక్కువ. పూడిక తీసే నాథుడు ఉండడు. దాని చుట్టూ పొలాల్లో వందల అడుగులు దింపిన బోర్లు రాత్రింబగళ్లు లాగుతుంటే దానిలో నీరు దిగిపోతుంది. (అంటరాని వాడ బావి కిందినుంచి ఊరి మోటారు లాగే నీళ్లకు మైల అంటదు. భూమి కింద అంటరానితనం లేదని వాళ్లకూ తెలుసన్నమాట.) అట్లా పబ్లిక్ బావి ముందు ఎండుతుంది, పట్టాదారు బోరు చివర ఎండుతుంది. చట్టం చెయ్యి అందే బావి పోయి, చట్టం చెయ్యి అందని బావి మిగులుతుంది. మొన్నటిదాకా మునిసిపాలిటీ నీళ్లో పంచాయతీ నీళ్లో హక్కుగా చేదుకున్నవాళ్లు, ఆ ఏడు మళ్లీ ఎవరి చేను గట్టునో బిందె పెట్టి వెనక్కి జరగాలి. నీళ్లు తగ్గటం ఒక్కటే కాదు కరువంటే. చేదుకునే నీళ్లు ఇంకిపోయి, పోయించుకునే నీళ్లే మిగలటం. మహద్‌నుంచి మళ్లీ ఠాకూర్ బావికి మనల్ని నడిపించుకుపోవటం.

1972 మహారాష్ట్ర కరువు గురించి ఆర్థికవేత్తలు చాలా రాశారు, ఉపాధి హామీ పథకం దానిలోనుంచే పుట్టిందని గర్వంగా చెబుతారు. అదే ఏడు పర్భణీ జిల్లా బ్రాహ్మణగావ్‌లో బావి దగ్గర దళిత స్త్రీలకు జరిగిన ఘోర అవమానం కరువు పుస్తకాల్లో కనిపించదు. అది కనిపించేది దళిత్ పాంథర్స్ పుట్టుక గురించి రాసిన పుస్తకాల్లో. ఒకే రాష్ట్రం, ఒకే ఏడు, ఒకే నీళ్లు. ఒకటి అభివృద్ధి అల్మరాలో, ఒకటి అత్యాచారాల అల్మరాలో. పి. సాయినాథ్ 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రౌట్' (1996) కరువు పేరుతో జరిగే వ్యాపారాన్ని బయటపెట్టాక కూడా ఈ అల్మరాల మధ్య తలుపు పూర్తిగా తెరుచుకోలేదు.

2016 కరువు దగ్గరకొస్తే, లాతూరుకు రైల్లో నీళ్లు తెచ్చిన ఏడాది అది. ఆ ఎండాకాలంలోనే విదర్భలో, వాషిం జిల్లాలో, ఒక దళిత కూలీ సొంతంగా బావి తవ్వాడని దేశమంతా వార్త వచ్చింది. అతని భార్య నీళ్లకు పోతే అగ్రకులస్థుల బావి దగ్గర కాదన్నారు. అతను బాధపడి, ఎవరితో గొడవ పెట్టుకోకుండా, రోజూ కూలిపనికి ముందూ వెనకా తవ్వి, 40 రోజుల్లో నీళ్లు చూశాడు. ఆ నీళ్లు వాడకంతా పంచాడు. పత్రికలు అతణ్ని కొండ తవ్విన దశరథ్ మాంఝీతో పోల్చాయి. అధికారులు, నాయకులు వచ్చి అభినందించారు.

అతని రెక్కల కష్టం ముందు మేమూ తలవంచుతాం. మా విమర్శ ఆ వార్త రాసిన తీరు మీద. ఆ కథనాల్లో బావి తవ్విన మనిషి ఉన్నాడు, గడ్డపార ఉంది, అరచేతుల బొబ్బలున్నాయి. నీళ్లు కాదన్నవాళ్లు మాత్రం ఒక వాక్యంలో వచ్చి పోయారు. పైగా అతను వాళ్ల పేరు చెప్పలేదు, ఊళ్లో గొడవ వద్దనుకున్నాడు, ఎంత సంస్కారం అని మెచ్చుకున్నారు. పేరు చెబితే రేపు కూలికి ఎవరు పిలుస్తారు అన్న లెక్క ఆ 'సంస్కారం' వెనక ఉండొచ్చని ఒక్కరికీ తట్టదా? మాంఝీ కొండను తవ్వాడు. కొండకు కులం లేదు. ఇతను తవ్వింది కొండను కాదు, ఒక 'కాదు' అన్న మాట చుట్టూ తిరిగి ఇంకోవైపు తవ్వుకున్నాడు. రెంటినీ ఒకే గాటన కట్టడంతో కులం కాస్తా ప్రకృతి వైపరీత్యం అయిపోయింది. రాయిలాగా, ఎండలాగా. దళితుడు ప్రతిసారీ సొంత బావి తవ్వుకుంటేనే వార్త అయితే, పాత బావి గట్టు ఎప్పటికీ వార్త కాదు. ఎవరి బావి వాళ్లు తవ్వుకోవటమే పరిష్కారమైతే ఊరికో మాలబావి, మాదిగబావి ఎప్పటినుంచో ఉన్నవే గదా, అంటరానితనం వాటితో పోయిందా, వాటితోనే నిలిచిందా?

ప్రేమ్‌చంద్ పెట్టిన పేరే పెట్టి హిందీ దళిత కవి ఓంప్రకాశ్ వాల్మీకి 1981లో కవిత రాశాడు. 2023లో మనోజ్ ఝా రాజ్యసభలో చదివితే ఆ చిన్న కవితకు ఎంత రాద్ధాంతం జరిగిందో చూశాం. 90 ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్న కథకు రాని కోపం ఈ కవితకు ఎందుకొచ్చింది? కథలో గంగి పరుగెత్తిపోతుంది. కవితలో పరుగెత్తేవాళ్లు లేరు. పొయ్యి మట్టినుంచి మొదలుపెట్టి చెరువు, చేను, నాగలి, బావి ఒక్కొక్కటీ ఎవరివో లెక్క తీసి, మరి మాదేమిటని అడుగుతారు. దప్పిక కనబడకుండా ఆస్తి కనబడింది. అదీ కోపం.

తెలుగులో కూడా ఈ మలుపు ఉంది. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' అన్న పేరులోనే ఊరుంది, వాడ లేదు. దాన్ని మళ్లీ చదవమని ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి. ఇక కారంచేడు సంగతి. 1985 జులైలో గొడవ మొదలైంది మాదిగపల్లె తాగే చెరువు నీళ్ల దగ్గర. ఇక్కడ వాళ్ల నీళ్లకు మనం పోలేదు, మన నీళ్లను వాళ్లు పాడుచేశారు. కాదన్నందుకు దెబ్బలు, దెబ్బలకు అడ్డంగా ఒక తల్లి బిందె ఎత్తింది. ఆమె పేరు మన పాఠకులకు చెప్పనక్కరలేదు. మర్నాడు, 17న, హత్యాకాండ. ఆ బిందె మీద తర్వాత వచ్చిన కవిత్వంలో, పాటల్లో దీనత్వం లేదు. తెలుగు కవిత్వంలో బిందె అప్పటిదాకా చంకన ఉండే అందం. కారంచేడు తర్వాత అది అడ్డం పెట్టే చెయ్యి అయింది. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం నాటికి ఈ మార్పు తెలుగు పాఠకుడు తప్పించుకోలేనంత స్పష్టమైంది. అయినా బిందె మోసేది ఆడవాళ్లయితే బిందె మీద రాసేది ఎక్కువగా మగాళ్లు అన్న దళిత స్త్రీవాదుల ఆక్షేపణకు ఇప్పటికీ మన దగ్గర పూర్తి జవాబు లేదు.

ఇంకో మాట, మనలో మనకు. మాలల బావి దగ్గర మాదిగల బిందె దూరంగా ఆగిన ఊళ్లు మనకు తెలియనివి కావు. అక్కడ కూడా 'పొయ్యండమ్మా' అన్న మాటే వినిపించింది. 1994 తర్వాత దండోరా ఉద్యమం ఈ మాట బయటపెట్టినప్పుడు ఐక్యత చెడుతుందని కొందరు నొచ్చుకున్నారు. చేంతాడు గురించి ఊరిని అడిగే నోటితో మన వాడల్ని అడగకపోతే ఎట్లా?

'పాత సంగతులు ఎందుకు, ఇప్పుడు ఇంటింటికీ కుళాయి వచ్చింది గదా' అనేవాళ్ల కోసం ఒక అంకె. 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి చేసి, 2006లో పుస్తకంగా వచ్చిన అంటరానితనం సర్వేలో 48 శాతం ఊళ్లలో దళితులకు నీటి వనరుల దగ్గర అడ్డంకి ఉందని తేలింది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ తర్వాత కుళాయిలు పెరిగాయి, కాదనం. బావి గట్టు పోయి గొట్టం వచ్చింది. గొట్టానికి చివర వాడ ఉంది. ట్యాంకు ఖాళీ అయ్యే వేళకు నీళ్లు చివరిదాకా రావు. చేంతాడు ఇప్పుడు వాల్వు తిప్పే తాళంచెవి రూపంలో ఉంది.

కరువు ఏడు ప్రభుత్వం ఏం చేస్తుందో చూడండి. మహారాష్ట్రలో కలెక్టరు ప్రైవేటు బావుల్ని తాగునీటికి స్వాధీనం చేసుకుంటాడు. మన జిల్లాల్లో రైతుల బోర్లు అద్దెకు తీసుకుంటారు, ట్యాంకర్లు తిప్పుతారు. అద్దె ఎవరి సొమ్ము? ప్రభుత్వ సొమ్ము. 'కొంతైనా ప్రభుత్వ సొమ్ముతో నడిచేవి' అన్న రాజ్యాంగం మాట ఇక్కడ పనికొస్తుందని మా వాదన. అద్దె కట్టిన ఆ మూడు నెలలు అది పట్టాదారు బోరు కాదు, పబ్లిక్ బావి. ఆ బోరు దగ్గర వాడ ఆడవాళ్లు చేను గట్టున ఆగాల్సిన పని లేదు, పైపు వాళ్లే పట్టుకోవచ్చు. ఆపితే అది చట్టం కిందికి వచ్చే నేరం. అద్దె ఒప్పందం కాగితంలోనే ఈ ముక్క రాయించాలి. ఏ బోరు అద్దెకు తీసుకున్నారో, ట్యాంకరు వాడలో ఎక్కడ ఆగాలో పంచాయతీ గోడ మీద రాయించాలి. న్యాయవాద మిత్రులు ఈ వాదనలో బలహీనతలుంటే చెప్పాలి.

వచ్చే ఎండాకాలం సెలవుల్లో ఊళ్లకు పోయే విద్యార్థులను మేం అడిగేది ఇదే. 'నీళ్లున్నాయా' అని అడిగి వచ్చెయ్యొద్దు. ఊళ్లో చివరగా ఎండిన బావి ఎవరిది, అద్దె బోరు ఎవరిది, ట్యాంకరు మొదట ఎక్కడ ఆగింది, వాల్వు తాళంచెవి ఎవరింట్లో ఉంటుంది, మాలవాడకూ మాదిగవాడకూ వంతులు ఎట్లా వేశారు, నీళ్లు ఎవరు పోశారు, ఎవరు పట్టుకున్నారు, ఇవన్నీ మన ఆడవాళ్లను అడిగి వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. ఫొటో తీస్తే గట్టుకు కొంచెం వెనక్కి జరిగి తీయండి.